పందిరి అద్దెకు, మరుగుదొడ్డి అద్దెకు

మొన్న వేసవిలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి వత్సవాయి వెళ్ళాను. (2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. కానీ ఎవరైనా అడిగితే నోట్లోంచి ఇప్పటికీ "కృష్ణా జిల్లా అండీ" అనే వస్తుంది.) ఫంక్షన్ హాలు కాదు, వూరి బయట మామిడి తోటలో పెళ్ళి. స్వాగత ద్వారం నిండా పూలు, ఎల్ఈడీ తెర, పైన గిర్రున తిరిగే డ్రోన్, నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు, ఏ లోటూ లేదు. ఇవన్నీ ఇప్పుడు మామూలే కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది వంటశాలకి అవతల, ట్రాలీ మీద నిలబెట్టిన రెండు నీలం రంగు ప్లాస్టిక్ గదుల్ని చూసి. ఒకదాని మీద మీసం బొమ్మ, రెండోదాని మీద బొట్టు బొమ్మ.

"మొబైల్ టాయిలెట్లు బావా, అద్దెకి తెప్పించాం. మగపెళ్ళివారు హైదరాబాదు వాళ్ళు కదా, మళ్ళీ మాట వస్తుంది" అన్నాడు మా బావ గర్వంగా. అద్దె ఎంతో కనుక్కుంటే స్వాగత ద్వారం పూల ఖర్చులో నాలుగో వంతు కూడా లేదు. భలే పని చేశావని మెచ్చుకున్నాను కూడా.

రాత్రి పదకొండు గంటలకి, జీలకర్ర బెల్లం ఇంకా గంట ఉందనగా, ఆ బండి తెచ్చిన డ్రైవరు వచ్చి మా బావని పక్కకి పిలిచాడు. "ఆడోళ్ళ వైపుది నిండిపోయిందండి. ఎక్కడ కొట్టమంటారు?"

మా బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అవతల వాగుంది కదా తమ్ముడూ, అందులో కొట్టెయ్."

ఆ తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. "ఎక్కడ కొట్టమంటారు" అన్న ఆ ప్రశ్న మాత్రం హైదరాబాదు తిరిగొచ్చినా నన్ను వదల్లేదు. నాలుగు పుస్తకాలు తిరగేస్తే, ఈ నీలం గది కథ నేననుకున్నదానికంటే చాలా పాతదని తెలిసింది.

పెళ్ళిలో అద్దె సామాను

నా చిన్నప్పటి పెళ్ళిళ్ళలో అద్దె సామాను తక్కువ. తాటాకు పందిరి వూళ్ళోవాళ్ళే వేసేవాళ్ళు. గుండిగలూ గంగాళాలూ తలా ఒకరింటినుంచి వచ్చేవి. అడుగున పేర్లు చెక్కించి ఉండేవి కాబట్టి తిరిగి పంపటానికి తంటా లేదు. తర్వాత ఒక్కొక్కటే అద్దెకి రావటం మొదలెట్టాయి. ముందు పెట్రోమాక్స్ లైట్లు, ఆ తర్వాత మైకు సెట్టు, ఆపైన షామియానా, మడత కుర్చీలు, జెనరేటరు. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో టెంట్ హౌస్ వాడి దగ్గరికెళ్ళి చీటీ ఇస్తే అన్నీ ఒకే ట్రాక్టరులో దిగేవి. ఆ చీటీలో మరుగుదొడ్డి ఎప్పుడూ లేదు.

మగపెళ్ళివారికి విడిది సాధారణంగా వూరి బడి. బస్సు నిండా జనం దిగేవాళ్ళు. బళ్ళో ఉంటే గింటే ఒక దొడ్డి, దానికీ తాళం. మగవాళ్ళకి చెరువు గట్టుంది, సమస్యే కాదు. ఆడవాళ్ళ సంగతే వేరు. తెల్లవారుజామున నాలుగింటికి మా అమ్మ, పిన్నులు లాంతరు పట్టుకుని విడిది ఆడవాళ్ళని తుమ్మచెట్ల వైపు తీసుకెళ్ళటం నాకు బాగా గుర్తు. అప్పుడు కుదరకపోతే మళ్ళీ చీకటి పడేదాకా అంతే. పెళ్ళిలో మంచినీళ్ళు ఇస్తుంటే "వద్దమ్మా, దాహంగా లేదు" అనే ముసలమ్మల్ని చూసి, పెద్దవాళ్ళకి దాహం వెయ్యదు కాబోలు అనుకునేవాణ్ణి. మే నెలలో, నలభై డిగ్రీల ఎండలో! అసలు కారణం తెలియటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మన మాటలు కూడా చూడండి. దొడ్డికి వెళ్ళటం, బయటికి వెళ్ళటం, చెంబు పట్టుకెళ్ళటం, కాస్త గ్రాంథికంగా అయితే బహిర్భూమికి వెళ్ళటం. అన్నీ వెళ్ళటమే! ఇంట్లో ఉండే గదికి పేరు కావాల్సి వచ్చేసరికి పారసీ నుంచి పాయిఖానా, ఇంగ్లీషు నుంచి లెట్రిన్ అరువు తెచ్చుకున్నాం. మరి ఎటూ వెళ్ళకుండా ఆ గదే మన దగ్గరికి రావటం అనే ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

దొరగారి పెట్టె

మన నేల మీద మోసుకుపోయే మరుగుదొడ్డిని మొదట వాడింది బహుశా గుడారాల్లో తిరిగే దొరలే. ఇంగ్లీషు కలెక్టర్లు ఏడాదిలో చాలాకాలం క్యాంపుల మీదే ఉండేవాళ్ళు. ఎడ్లబండ్ల మీద గుడారాలు, మంచాలు, గిన్నెలతో పాటు ఒక చెక్కపెట్టె కూడా వచ్చేది. మూత తీస్తే కూర్చునే పలక, కింద పాత్ర. వాళ్ళ భాషలో దాని ముద్దుపేరు థండర్ బాక్స్, అంటే ఉరుముల పెట్టె.

ఇంగ్లండులో కలరా దెబ్బ కళ్ళారా చూసిన హెన్రీ మౌల్ అనే మతాధికారి 1860లో మట్టి మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. నీళ్ళ బదులు పొడి మట్టి చల్లటం అందులో కిటుకు. కంపు ఉండదు, కొన్నాళ్ళకి ఎరువవుతుంది. ఈ పద్ధతిని ఇక్కడి జైళ్ళలోనూ సైనిక బారకాసుల్లోనూ బాగానే వాడారు.

కానీ పెట్టె అయినా మట్టి దొడ్డి అయినా, నిండిన పాత్ర దానంతట అది ఖాళీ అవదు కదా. అందుకో మనిషి ఉండేవాడు. అతనికి వెనక తలుపు వేరు, దారి వేరు, బావి వేరు. పట్టణాల్లో డబ్బా దొడ్లు వచ్చాక ఈ ఏర్పాటే మునిసిపాలిటీ ఉద్యోగం అయ్యింది. కోస్తా పట్టణాల్లో ఆ పని రెల్లి కులస్తుల మీద పడింది, హైదరాబాదు వైపు మెహతర్ల మీద పడింది. పెట్టెని కనిపెట్టినవాడి పేరు చరిత్రలో ఉంది. మోసినవాడిది లేదు.

జాతరల సంగతి ఇంకా ముఖ్యం. 1867 హరిద్వార్ కుంభమేళాలో ఇంగ్లీషు ప్రభుత్వం కందకాలు తవ్వించి, మట్టి కప్పించి, పద్ధతిగానే ఏర్పాట్లు చేసింది. అయినా కలరా వచ్చింది, యాత్రికులతో పాటు ఉత్తరాదంతా పాకింది. 1915లో అదే హరిద్వార్ కుంభానికి గాంధీ వెళ్ళాడు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఆయన ఫీనిక్స్ బృందం అక్కడ ఎంచుకున్న సేవ, యాత్రికుల గుంటల్లో మలాన్ని మట్టితో కప్పటం. పాకీవాళ్ళ పని అని మిగతావాళ్ళు దూరంగా జరిగే చోట వీళ్ళు పార పట్టుకున్నారు. అంత జనం మధ్య దొడ్డి తవ్వటం కంటే దాన్ని కప్పే మనిషి దొరకటమే కష్టమని ఆ సంగతి చదివాక అనిపించింది.

అమెరికా గది

ఇప్పుడు మనం చూసే గదికి పుట్టిల్లు అమెరికా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాలిఫోర్నియా లాంగ్ బీచ్ రేవులో ఓడల పని చేసేవాళ్ళు ప్రతిసారీ ఒడ్డుకి నడిచి వెళ్ళి రావటంతో పని గంటలు పోతున్నాయని, ఓడ మీదే చెక్కగది పెట్టి కింద తొట్టి అమర్చారని ఆ పరిశ్రమవాళ్ళు చెప్పుకుంటారు. అంటే ఇది పుట్టింది కూలీ మీద జాలితో కాదు, కూలీ సమయం మీద లెక్కతో. చెక్క కంపు పీల్చుకుంటుంది, బరువెక్కువ. అందుకని తర్వాత ఫైబర్ గ్లాసు వచ్చింది, 1970ల నుంచి తేలికపాటి పాలిథిలీన్ వచ్చింది. ఒక మనిషి దించగలడు, కడగగలడు. వ్యాపారం పెద్దదయ్యింది.

1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి సుమారు 4 లక్షలమంది వచ్చారు. పెట్టిన గదులు సుమారు 600. ఆరేడు వందలమందికి ఒకటన్నమాట! 1970లో వచ్చిన దాని డాక్యుమెంటరీలో అందరికీ గుర్తుండిపోయే మనిషి ఒకాయన ఉంటాడు. గిటారు వాయించినాయన కాదు, ఆ గదులు శుభ్రం చేస్తున్న టామ్ టాగర్ట్. ఈ పిల్లలకోసం ఈ పని చెయ్యటం సంతోషంగా ఉందని, ఒక కొడుకు ఈ ఉత్సవంలోనే ఉన్నాడని, ఇంకో కొడుకు వియత్నాంలో హెలికాప్టర్ మీద ఉన్నాడని చెప్తాడు. తర్వాత తన అనుమతి లేకుండా సినిమాలో వాడుకున్నారని కోర్టుకి కూడా వెళ్ళాడు. పని చిన్నదని ఆయన అనుకోలేదు. అలాగని ఆ పనితో నలుగురూ నవ్వుకుంటుంటే ఊరుకోనూ లేదు. మన దగ్గర ఆ పని చేసేవాడు కెమెరా ముందు నిలబడి తన కొడుకుల గురించి చెప్పిన సినిమా ఒక్కటి గుర్తుచేసుకోండి చూద్దాం.

చెంబు లెక్క

ఇక్కడ కాసేపు ఇంజనీరు బుద్ధి చూపించనివ్వండి. అమెరికా గది కింద తొట్టి సుమారు 60 గ్యాలన్లు, అంటే 225 లీటర్ల చిల్లర. అడుగున కాస్త నీలం మందు పోస్తారు. సూక్ష్మజీవుల్ని ఆపటానికి, వాసనకి, రంగుకి అది. వాళ్ళు వాడేది కాగితం. ఒక మనిషి వెళ్ళొస్తే తొట్టిలో చేరేది అర లీటరు లోపే. కాబట్టి నాలుగైదు వందలసార్లు వస్తుంది, వారానికోసారి లారీ వచ్చి గొట్టంతో లాగేస్తుంది.

మనకి నీళ్ళు లేనిదే పని జరగదు కదా. చెంబుడు కడుక్కోటానికి, రెండు మగ్గులు పొయ్యటానికి, ఎంత పొదుపుగా వాడినా మనిషికి మూడు లీటర్లు. మా పెళ్ళికి వచ్చిన బండిలో ఒక్కో తొట్టి 300 లీటర్లని డ్రైవరు చెప్పాడు. అంటే వందసార్లకి సరి. వచ్చిన జనం ఎనిమిది వందలు, అందులో సగం ఆడవాళ్ళు. నలుగురిలో ఒకరు ఒక్కసారి వెళ్ళినా వంద. ఏడింటికి మొదలై పదకొండుకి నిండిందంటే డ్రైవరు తప్పూ లేదు, బండి తప్పూ లేదు. కాగితం వాళ్ళ డిజైను తెచ్చి నీళ్ళవాళ్ళకి పెట్టాం. మా భాషలో చెప్పాలంటే మెమరీ తీసుకునే ఫంక్షన్ రాశాం, తిరిగి వదిలే ఫంక్షన్ రాయలేదు. ప్రోగ్రాం కాసేపు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆ తర్వాత కూలబడుతుంది :)

కట్టేవాడికి లేనిది

నేను పనిచేసే ఆఫీసు అద్దాల మేడ. అంతస్తుకి నాలుగు రెస్ట్‌రూములు, చెయ్యి చూపిస్తే నీళ్ళొచ్చే కుళాయిలు. పక్కన ఇంకో మేడ లేస్తున్నప్పుడు కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి. పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. పొద్దున్నే ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా బండరాళ్ళ వెనక్కి వెళ్ళొచ్చేవాళ్ళు. ఏడాది తర్వాత ఆ రాళ్ళు కూడా పగిలిపోయాయి, అక్కడ మూడో మేడ మొదలయ్యింది. అప్పుడు వాళ్ళెక్కడికి వెళ్ళేవాళ్ళో నేను చూడలేదు. నిజం చెప్పాలంటే చూడాలని ప్రయత్నించలేదు.

చట్టం లేక కాదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 33వ సెక్షన్, పని జరిగే ప్రతిచోటా సరిపడినన్ని మరుగుదొడ్లు, పని వేళంతా అందుబాటులో ఉండేలా కట్టించాలని చెప్పింది. ప్రతి 25 మంది ఆడవాళ్ళకి కనీసం ఒకటి అని 1998 కేంద్ర నిబంధనలు లెక్క కూడా కట్టాయి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. చట్టం పేరు మారింది, మేస్త్రీ జవాబు మారలేదు: "రెండు నెలల పనికి దొడ్డి ఏం కడతామండీ?" నిజానికి ఆ ప్రశ్నకి జవాబే అద్దె గది. ఓడల్లో అది పుట్టింది కూడా ఇందుకే. కానీ మన దగ్గర అది కూలీ దగ్గరికి వెళ్ళే దారిలో పెళ్ళి పందిట్లో దిగిపోయింది. "మాట వస్తుంది" అన్నాడు చూశారా మా బావ, ఆ మాట అనేవాళ్ళు మేడ కట్టే చోట లేరు.

వాగుల మధ్య వూరు

మా వైపు జనం ఈ తాత్కాలిక గదుల్ని పెద్ద ఎత్తున చూసింది పుష్కరాల్లో. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు. మాకు దగ్గర్లో వేదాద్రి, ముక్త్యాల ఘాట్లు. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళందరూ ఆ వరస గదుల గురించి మాట్లాడుకున్నారు. ఉత్తరాదిన ఈ లెక్క ఇంకా పెద్దది. 2019 ప్రయాగ కుంభానికి లక్షా ఇరవై వేలకి పైగా, 2025 మహాకుంభానికి లక్షన్నర పెట్టామని ప్రభుత్వం ప్రకటించింది.

రెండో కారణం స్వచ్ఛభారత్. 2014 అక్టోబరు 2న మొదలై అయిదేళ్ళలో ఇంటింటికీ దొడ్డి కట్టించింది. కేంద్రం లెక్క 12 వేలు, మన రాష్ట్రంలో 15 వేలు ఇచ్చారు. వాడుతున్నారా లేదా అన్న వాదన అలా ఉంచండి. అలవాటు పడ్డవాళ్ళకి చెరువు గట్టు ఇక కుదరదు. పైగా గట్టేదీ? తుమ్మచెట్లు పోయి ప్లాట్లయ్యాయి, చేలకి ముళ్ళకంచెలొచ్చాయి. మరి అయిదుగురి కోసం తవ్విన గుంట మీద అరవైమంది చుట్టాలు దిగితే? అందుకే అద్దె గది. ఇది సోకు కాదు, అవసరమే. మా అక్క కూతురు ఆ రోజు హాయిగా మంచినీళ్ళు తాగింది. ఆ ముసలమ్మల దాహంతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు.

కానీ మా మండలం మున్నేటి పక్కన ఉంది. పోలంపల్లి ఆనకట్ట మా మండలంలోదే. కిందనున్న పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తిరునాళ్ళకి వచ్చే జనం స్నానం చేసేది ఆ ఏట్లోనే. మా వాగులు చేరేదీ ఆ ఏటికే. "అవతల వాగుంది కదా" అంటే అర్థం, మన ఇంటి మర్యాద కాపాడుకుని అవతలి వూరి నీళ్ళలో కలపటం. సెప్టిక్ ట్యాంకు బండ్లవాళ్ళ ఫోన్ నంబర్లు ప్రతి కరెంటు స్తంభం మీదా ఉంటాయి. అవి ఎక్కడ ఖాళీ చేస్తాయో ఎప్పుడైనా అడిగామా? వరంగల్ కార్పొరేషన్ 2016లోనే ఇలాంటి బండ్లకి నిబంధనలు పెట్టింది, ఆ తర్వాత శుద్ధి కేంద్రం తెచ్చింది. అంటే చెయ్యలేని పనేం కాదు.

చేతులతో ఎత్తించటం నేరమని 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టిది వచ్చింది. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని రక్షణ లేకుండా దించితే మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు. చనిపోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. ఈ చట్టాల వెనక పోరాడినవాళ్ళలో మనవాళ్ళున్నారు. కోలారు బంగారు గనుల్లో డబ్బా దొడ్లు ఎత్తిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ (2016లో మెగసెసే వచ్చింది), ఆయన వెంట నిలబడ్డ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. పెళ్ళికి బండి మాట్లాడేటప్పుడు ఈ చట్టం మనకి గుర్తు రాదు. అది మునిసిపాలిటీల గొడవ అనుకుంటాం.

ఆ రాత్రి

సరే, ఆ రాత్రి ఏమైందంటే, నేనూ మా బావా కాసేపు వాదించుకున్నాం. "పెళ్ళి ఇంట్లో ఈ కంపు చర్చేంటి?" అని మా పెదనాన్న కసిరాడు. చివరికి తోట చదును చేసిన జేసీబీ అక్కడే ఉంటే, బోరుకి దూరంగా, వాగుకి రెండో వైపున గుంట తీయించాం. అందులో వదిలించి, ముగ్గు కోసం తెచ్చిన సున్నం బస్తా చల్లి, మట్టి కప్పించాం. ఇదే సరైన పద్ధతని నేననను. ఆ పూటకి వాగు కంటే నయం, అంతే.

గొట్టం పట్టుకుంది డ్రైవరుతో వచ్చిన కుర్రాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. చేతికి తొడుగుల్లేవు, కాళ్ళకి హవాయి చెప్పులు. పనయ్యాక కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. "భోజనానికి రా తమ్ముడూ, బంతి వేస్తున్నారు" అన్నాను.

"వద్దు సార్. ఆకులో పెట్టించి బండి దగ్గరికి పంపించండి. అక్కడే తింటాం."

రెండోసారి పిలిచాను, రాలేదు. మూడోసారి పిలవటానికి నాకు మొహం చెల్లలేదు, ఎందుకంటే పందిట్లో కూర్చున్న మావాళ్ళు ఏమంటారో నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఆకు పంపించాను. దొరగారి పెట్టె మోసినవాడి వెనక తలుపు, ఆ రాత్రి మా మామిడితోటలో కూడా ఉంది.

మీ ఇంట్లో శుభకార్యం ఉండి ఈ బండి మాట్లాడుతుంటే, దయచేసి అద్దెతో పాటు నాలుగు మాటలు అడగండి. తొట్టి ఎన్ని లీటర్లు? ఎన్ని గంటలకి నిండుతుంది? ఎక్కడ ఖాళీ చేస్తారు? చేసేవాళ్ళకి తొడుగులూ బూట్లూ ఉన్నాయా? కాస్త ఎక్కువైనా ఇవ్వండి, పూలకి ఇస్తున్నాం కదా. అయిదో సంగతి బండివాణ్ణి అడిగేది కాదు, మన ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సింది: ఆ కుర్రాడికి బంతిలో ఎక్కడ విస్తరి వేస్తున్నాం?

వచ్చే మాఘంలో మా ఇంకో పెదనాన్న మనవడి పెళ్ళి. బండి మాట్లాడే పని నేనే తీసుకున్నాను.